నేలమాళిగలో కొయ్యనేల

అమెరికా ఈశాన్య రాష్ట్రములలోను, మిషిగన్, ఇలినాయ్ వంటి మధ్యపశ్చిమ రాష్ట్రములలోను ఇల్లు కొని స్థిరపడిన తెలుగు కుటుంబములలో, గృహప్రవేశము ముగిసి, అప్పు వాయిదాలకు అలవాటుపడి, చేతిలో నాలుగు డాలర్లు మిగులనారంభించిన తరుణమున తప్పక చర్చకు వచ్చు విషయమొకటి కలదు. అది ఇంటి క్రింది అంతస్తును, అనగా భూమిలోనికి దిగియున్న బేస్‌మెంటును, నివాసయోగ్యముగా తీర్చుట. అచట ఒక సినిమా గది, ఒక వ్యాయామశాల, పండుగనాడు పదిమంది కూర్చుండి భోజనము చేయుటకు విశాలమైన చావడి, ఏటేట ఆరునెలలకై విచ్చేయు తల్లిదండ్రులకు ఒక పడకగది. వీటన్నిటికిని అడుగున, పై అంతస్తులో మెరయుచున్న ఓక్ హార్డ్‌వుడ్ నేలకు ఏమాత్రము తీసిపోని మరియొక ఓక్ నేల. కోరిక అందమైనదే. కష్టపడి సంపాదించుకొన్నవారు తమ యింటిని తమకు నచ్చినట్లు తీర్చుకొనుటలో అన్యులకు అభ్యంతరముండరాదు. అయినను, ఆ కొయ్యనేల అచట వేయదగినది కాదనియు, దానికై వెచ్చించు ధనము అంతకంటె ముందుగా చేరవలసిన చోట్లు వేరే కలవనియు నా దృఢమైన అభిప్రాయము. ఈ మాటను ఇచటి పత్రికలో వ్రాయుటకు కారణము లేకపోలేదు. నేల రంగు మొదలు మెట్లకమ్మీ వరకు ప్రతిదానిని వీడియోకాల్‌లో చూపి, గుంటూరులోనో కరీంనగరులోనో ఉన్న అమ్మానాన్నల సలహా అడుగుట నేడు ఆచారమైనది. ఆ గదిలో రేపు పడుకొనబోవువారును వారే.

అసలీ క్రింది అంతస్తు ఎందుకు పుట్టినదో తలచుకొన్నచో చిక్కు ఎచట నున్నదో తెలియును. శీతలదేశములలో చలికాలమున నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బును. ఉబ్బిన మన్ను తనపైనున్న పునాదిని ఎత్తివేయును. కావున పునాది మంచు సోకని లోతునకు దిగవలెను. షికాగోలో ఈ లోతు 42 అంగుళములు. మిన్నెసోటా ఉత్తరభాగమున 60 అంగుళములు. గోడలకొరకు అంత లోతు త్రవ్వినవారు మరి నాలుగడుగులు త్రవ్వి, ఇల్లు వేడిచేయు బొగ్గుపొయ్యికి, నీటి బాయిలరుకు, శీతకాలపు దినుసులకు చోటు చేసికొనిరి. అనగా బేస్‌మెంటు యంత్రములకును సరకులకును ఏర్పడిన చోటే కాని మనుష్యుల కాపురమునకు పుట్టినది కాదు. డాలస్, హ్యూస్టన్ ప్రాంతముల తెలుగువారికి ఈ ప్రశ్నయే లేదు. మంచు లోతుగా దిగని ఆ బంకమట్టి నేలలలో ఇండ్లు నేలమట్టమున పోసిన కాంక్రీటు పలకమీదనే లేచును. అందువలననే అచటి చుట్టములు ఇచ్చు సలహా న్యూజెర్సీవారికి పనికిరాదు. మన పల్లెలలో భూమిలోపలి చోటుతో నిజమైన పరిచయము గలవాడు జొన్నపాతర వేసిన రైతొక్కడే. మెరక నేల చూచి గోయి త్రవ్వి, అడుగునను చుట్టును గడ్డి దట్టముగా పరచి, గింజ పోసి కప్పిన ఆ రైతునకు, ఎంత గడ్డి పరచినను మట్టిగోడ నానుకొనిన గింజ చెమ్మగిలి ముక్కిపోవునని తెలియును; ఆ పోవు గింజను ముందే లెక్కలో వ్రాసికొనియే పాతర వేసెడివాడు. బేస్‌మెంటులో కొయ్య పరచువారు ఆ లెక్క వేసికొనుట లేదు.

చెట్టును నరికి, దూలముగా కోసి, బట్టీలో ఆరబెట్టి, చిత్రిక పట్టి, పైన మెరుగుపూత పూసినను, కలపకు తేమతోడి సంబంధము తెగదు. చుట్టునున్న గాలి పొడిగానున్నచో తనలోని తేమను విడిచి ముడుచుకొనును. గాలి తడిగానున్నచో పీల్చుకొని ఉబ్బును. ఈ ఉబ్బు పలక నిడివిలో దాదాపు కనబడదు, వెడల్పులోనే కనబడును. గాలిలో తేమ నూటికి 30 పాళ్లున్నపుడు కలపలోని తేమ 6 శాతము చెంత నిలుచును. గాలితేమ 70 పాళ్లకు చేరినపుడు అది 13 శాతమగును. శీతకాలమున హీటరు వేడికి ఎండిన ఇంటికిని, శ్రద్ధ లేక వదలిన వేసవి బేస్‌మెంటునకును నడుమ ఇంత అంతరము సామాన్యము. ఐదంగుళముల వెడల్పుగల సాధారణపు రెడ్ ఓక్ పలక ఈ ఏడు శాతముల మార్పునకు అంగుళములో ఎనిమిదవ వంతు పెరుగును. ఒక్క పలకను చేతబట్టి చూచినచో ఇది లెక్కింపదగినది కాదనిపించును. కాని పదునైదడుగుల గదిలో అట్టి పలకలు 36 పట్టును. అడ్డగించునది లేనిచో ఆ నేల మొత్తము నాలుగున్నర అంగుళములు సాగవలెను. గోడ వారను పనివారు విడుచు సందు ముక్కాలంగుళము. మిగిలిన పెరుగుదల పోవుటకు చోటు లేక, పలక పలకను నొక్కి, మేకును పెరికి, ఎచటనో ఒకచోట నేల పైకి లేచును. ఇది పనివాని చేతకానితనము వలన వచ్చు లోపము కాదు. కలప తన ధర్మమును తాను నెరవేర్చుచున్నది.

ఆ తేమ వచ్చు దారులలో కంటికి కనబడని దారియే ప్రమాదకరమైనది. గోడ పగులు నుండి కారిన నీటిని ఎవరైనను చూతురు, తుడుతురు, బాగుచేయింతురు. కాంక్రీటు మాత్రము చూపునకు ఎంత గట్టిదైనను దాని నిండ సూక్ష్మరంధ్రములు కలవు. అడుగున మన్ను తడిగానున్నంతకాలము ఆ తడి ఆవిరిరూపమున పైకి వచ్చుచునే యుండును. నేడు కట్టు ఇండ్లలో కాంక్రీటు పోయుటకు ముందు నాలుగంగుళముల కంకర పోసి, దానిపై దళసరి ప్లాస్టిక్ పట్టా పరచుదురు. ఐదారు దశాబ్దముల నాటి ఇండ్లలో అట్టి పట్టా లేకపోవుట సర్వసాధారణము. అయినను ఆ పాత నేల పొడిగానే కనబడును; ఏలన, పైకి వచ్చిన ఆవిరి వచ్చినట్లే గాలిలో కలిసిపోవుచున్నది. ‘మా బేస్‌మెంటు పదేండ్లుగా పొడిగానే ఉన్నది’ అని యజమానులు నిజాయితీతోనే చెప్పుదురు. ఏ అడ్డును లేనందువలననే అది పొడిగా నున్నదని, దానిపై పలక పరచి మూసిననాడే ఆ ఆవిరి పోవుదారి లేక కొయ్య అడుగుభాగమును పట్టుకొనునని వారికి చెప్పువారు లేరు.

దీనిని కనుగొనుటకు గొప్ప సాధనములు అక్కరలేదు. పదునెనిమిది అంగుళముల చదరపు ప్లాస్టిక్ కాగితము నొకదానిని కాంక్రీటుపై పరచి, నాలుగంచులను టేపుతో బిగించి, పదునారు గంటలు కదల్పక విడిచి, పిమ్మట ఎత్తి చూచినపుడు అడుగున చెమట గాని, కాంక్రీటుపై నల్లబడిన మచ్చ గాని కనబడినచో అంతటితో నిర్ణయము జరిగినట్లే. మచ్చ లేనంత మాత్రమున నిశ్చింతగా ఉండరాదు. నమ్మదగిన పరీక్ష కాంక్రీటు లోపల జరుగును: పలక మందములో నూటికి 40 పాళ్ల లోతునకు, అనగా నాలుగంగుళముల పలకలో ఒకటిన్నర అంగుళమునకు మించి, రంధ్రము తొలిచి, అందులో తేమకొలత గొట్టమునుంచి, ఒక దినము ఆగి అంకెను చదువవలెను. ఈ పని చేయించిన తెలుగు ఇండ్లు నేనెరిగినంతలో బహుస్వల్పము. నేలకు పలక రంగులు ఎంచుటకు నాలుగు వారములు వెచ్చించిన దంపతులు, ఈ ఒక్క దినపు పరీక్షకు ఓపిక పట్టకపోవుట చూచినపుడు నాకు నిజముగా బాధ కలుగును.

ఇక వేసవి గాలి సంగతి. ఉక్కపోసినపుడు కిటికీలు బార్లా తెరచి గాలి ఆడనిచ్చుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మన ఇండ్లకు అది ఆరోగ్యము, పొదుపు కూడ. బేస్‌మెంటులో అదే అలవాటు అపకారమగును. జూలై మధ్యాహ్నమున బయట 30 డిగ్రీల వేడి, నూటికి 70 పాళ్ల తేమ ఉన్నదనుకొందము. అట్టి గాలి 24 డిగ్రీలకు చల్లబడగానే తనలోని నీటిని విడువ నారంభించును. భూమిని అంటిపెట్టుకొనియున్న బేస్‌మెంటు నేల ఆ దినమున ఇరువది డిగ్రీలకు మించి వేడెక్కదు. కావున తెరచిన కిటికీ గుండ వచ్చిన ప్రతి గాలితెరయు తెచ్చిన తేమను ఆ చల్లని నేలపై దించిపోవును. హైదరాబాదు నుండి వచ్చిన అత్తగారు ‘గదంతా ముక్కవాసన వచ్చుచున్నది, కాస్త గాలి రానిండు’ అని కిటికీ తెరచుటయు, సాయంకాలమునకు ఆ వాసన హెచ్చుటయు ఇందువలననే. వేసవిలో ఆ కిటికీలను మూసి, గాలిలోని తేమను లాగు యంత్రమైన డీహ్యూమిడిఫైయరును నడిపించి, దాని నీరు తనంతతానే కాలువలోనికి పోవునట్లు గొట్టము అమర్చవలెను. బకెట్టు నిండినపుడు పారబోయుటపై ఆధారపడిన ఏర్పాటు ఇంటివారు ఊరికి వెళ్లిన వారమే ఆగిపోవును.

న్యూజెర్సీలో మా మిత్రులొకరి ఇంట ఇట్టి నేలను నేను చేతితో తడవి చూచితిని. పరచిన రెండవ వేసవి అది. నిలుచుండి చూచినచో ఏమియు తెలియదు. వంగి, టార్చిని నేలకానించి వెలిగించినపుడు గది ఈ చివర నుండి ఆ చివర వరకు గీతలు గీతలుగా నీడలు లేచెను. ప్రతి పలకకును అంచులు పైకి లేచి నడుము లోనికి దిగినది. ఉత్తపాదములతో నడచినచో ఆ అంచులు అరికాలికి తగులుచుండెను. అడుగుభాగము తడిసి ఉబ్బుట, పైభాగము పొడిగా నుండుట దీనికి కారణము. నేల వేసిన కాంట్రాక్టరును పిలిపింపగా, అతడు వచ్చి, యంత్రముతో ఆ లేచిన అంచులను అరగదీసి, మరల మెరుగు పూసి, సమముగా చేసి వెళ్లెను. మూలకారణము తొలగకుండ చేసిన ఈ మరమ్మతుకు ఫలితము ఫిబ్రవరిలో కనబడినది. హీటరు వేడికి కలప అడుగుభాగము ఎండి, ఉబ్బు తగ్గి, పలక తన సహజరూపమునకు వచ్చునప్పటికి, అరిగిన అంచులు క్రిందికి పోయి, నడుములు పైకి తేలినవి. ఆ నేలకు ఇక మరమ్మతు లేదు. దక్షిణపు గోడ వారను ఊడదీసిన పలకనొకదానిని తిరగవేసి చూచితిమి: పైన చెక్కుచెదరని మెరుపు, అడుగున నల్లని బూజు, మేకు దిగిన చోట తుప్పు, ఆ క్రింది ప్లైవుడ్‌లో వ్రేలితో నొక్కినచో దిగునంత మెత్తదనము. ఎక్కడను గొట్టము పగులలేదు, వరద రాలేదు. రెండేండ్లపాటు కాంక్రీటు ఎప్పటివలె ఆవిరి విడుచుచుండెను, అంతే.

ఇందుకు ప్రత్యుత్తరము చెప్పువారు లేకపోలేదు, వారి మాట కొట్టివేయదగినదియు కాదు. ఏటవాలు స్థలమున కట్టిన ఇండ్లలో, ముఖ్యముగా అట్లాంటా చుట్టుపట్ల, బేస్‌మెంటు ఒకప్రక్క నేలమట్టమునకే తెరచుకొని యుండును. అట్టివి సగము భూగర్భములే. మంచి పట్టా, పొడిగాలి, నిర్విరామ శ్రద్ధ ఉన్నచో అచట గట్టికొయ్య నేల కొన్నేండ్లు నిలిచిన ఉదాహరణములు కలవు. కాని ఆ శ్రద్ధ విద్యుత్తుపై ఆధారపడినది. డీహ్యూమిడిఫైయరు విద్యుత్తుతో నడచును. అడుగుననున్న నీటిని తోడి బయటికి పంపు సంప్ పంపు విద్యుత్తుతో నడచును. కుంభవృష్టి కురిసి, చెట్లు తీగెలపై పడి, వీధి అంతయు చీకటైన రాత్రియే ఆ రెండింటితో పని పడును. బ్యాటరీతో నడచు రెండవ పంపు పెట్టించుకొన్నవారెందరు? అమెరికాలో కొయ్యనేలల వృత్తివారి సంఘమైన నేషనల్ వుడ్ ఫ్లోరింగ్ అసోసియేషన్ సైతము ఘనమైన ఏకకాష్ఠపు పలకను నేలమట్టమునకు దిగువన పరచుటను సమ్మతింపదు. సరకు అమ్ముకొని బ్రదుకువారే వలదనుచుండగా, కొనువారు పట్టుపట్టుట ఎందులకు?

కొయ్యయే కావలెనను కోరిక అణగనివారికి ఇంజనీర్డ్ వుడ్ అనునది కలదు. పలుచని కొయ్యపొరలను ఒకదాని నారకు అడ్డముగా మరియొకదాని నారను పెట్టి అతికి, పైన రెండు మొదలు ఆరు మిల్లీమీటర్ల అసలైన ఓక్ పొరను వేసి చేయు పలక అది. ఒక పొర ఉబ్బజూచిన దిక్కున దాని ప్రక్కపొర ఉబ్బదు గనుక, రెండును ఒకదానినొకటి పట్టి నిలుపును. చూపునకు దానికిని ఏకకాష్ఠమునకును భేదము కనబడదు. అయినను దానిని సర్వరోగనివారిణిగా తలచుట తగదు. ఆవిరిని అది కొంత ఓర్చును, నిలువనీటిని ఓర్వదు. పరీక్షింపని కాంక్రీటుపై దానిని అతికించినను, గతుకులు పూడ్చని నేలపై తేలవేసినను, అడుగున చెమ్మకు ఎడమిచ్చు పొర వేయకపోయినను అదియు చెడును. వినైల్ పలకలకు ‘వాటర్‌ప్రూఫ్’ అను చీటీ అంటించి అమ్ముదురు. ఆ మాట పలకకు చెల్లును, పలకక్రింద నిలిచిన తేమకును, ఆ తేమలో పెరుగు బూజునకును చెల్లదు.

ఈ నేలల విషయమున ఎవ్వరును ముందుగా తలపని చిన్నవస్తువొకటి కలదు. దానిని విడువకుండ చెప్పవలెను. కాంక్రీటుపై నురుగుపలక, దానిపై ప్లైవుడ్, దానిపై కొయ్య, ఇట్లు పేర్చుకొనుచు పోయినచో నేల రెండంగుళములు, ఒక్కొక్కపుడు అంతకు మించియు, పైకి వచ్చును. కప్పు ఎత్తు నియమము ప్రకారము ఏడడుగులకు తగ్గరాదు. పాత ఇండ్లలో ఆ ఏడడుగులే ఉండును. అంతకంటె ముఖ్యము, మెట్లలో అట్టడుగు మెట్టు రెండంగుళములు పొట్టిదగును. మెట్లు దిగువాడు కన్నులతో దిగడు. మొదటి రెండు మెట్లకే కాలు ఆ కొలతను పట్టుకొని తక్కినవి తనంతట దిగును. అందుచేతనే ఒకే వరుసలోని మెట్ల ఎత్తులలో అంగుళములో ఎనిమిదింట మూడు పాళ్లకు మించి తేడా ఉండరాదని అచటి గృహనిర్మాణ నియమావళి విధించుచున్నది. రాత్రివేళ మంచినీటికై పైకి వచ్చి తిరిగి దిగు డెబ్బదేండ్ల తల్లికి ఆ రెండంగుళములు చాలును, తుంటి ఎముక విరుగుటకు. నేల ఎత్తు పెంచినవారు మెట్లవరుస నంతటిని తిరిగి సరిచేయించవలెను. ఆ ఖర్చును నేల ఖర్చులో ఆదియందే వేసికొనవలెను.

తల్లిదండ్రుల మాట వచ్చినది గనుక, నా మనస్సులో అన్నిటికంటె బరువుగానున్న విషయమును ఇచట చెప్పెదను. బేస్‌మెంటులో పడకగది ఏర్పరచినచో దానికి మనిషి దూరి బయటపడగల కిటికీ ఉండవలెనని నియమము: తెరచిన వైశాల్యము కనీసము 5.7 చదరపుటడుగులు, దాని దిగువ అంచు నేలనుండి 44 అంగుళములకు మించని ఎత్తు. కాంక్రీటు గోడను కోసి, బయట గుంట త్రవ్వి, నీరు నిలువని ఏర్పాటుతో అట్టి కిటికీ పెట్టించుటకు వేలకొలది డాలర్లగును. ఓక్ నేలకు ఉత్సాహముగా ఒప్పుకొన్న కుటుంబములే ఈ కిటికీ దగ్గర వెనుకాడుచున్నవి. ‘పడకగది’ అని కాగితముపై వ్రాయక ‘ఆఫీసు గది’ అని వ్రాయించి, మంచము మాత్రము అందులోనే వేయుచున్నవి. 2021 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి ఐడా తుఫాను శేషము న్యూయార్క్ నగరముపై కురిసినపుడు, సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళముల వర్షము పడినది. ఆ రాత్రి ఆ నగరమున బేస్‌మెంటు నివాసములలో 11 మంది నీటమునిగి మరణించిరి. నీరు మెట్లదారిని వచ్చునపుడు తలుపు లోపలివైపునకు తెరచుకొన్నను, బయటివైపునకు తెరచుకొన్నను, ఆ వేగమునకు ఎదురు నడచుట వృద్ధులకు సాధ్యము కాదు. నిప్పు పుట్టి మెట్లలో పొగ నిండినపుడును అంతే. కిటికీ ఒక్కటే దారి. ఆ గదిలో తమ అమ్మను, నాన్నను పడుకొనబెట్టువారు, కాలిక్రింది మెరుపుకంటె ముందు ఆ దారిని గూర్చి ఎట్లు ఆలోచింపకుందురో నాకు బోధపడదు. ఇచటనుండి వెళ్లు పెద్దలకు నా ప్రార్థన ఒక్కటి: వీడియోలో నేల రంగు చూపినపుడు, బాగున్నదని మెచ్చుకొని, ‘కిటికీ ఎక్కడున్నది బాబూ, అది తెరచి చూపించు’ అని అడుగుడు. బిడ్డల గృహవైభవమునకు అడ్డుచెప్పినట్లగునేమో అని సంకోచింపవలదు.

నేలకు వెచ్చించిన సొమ్ము ఇల్లమ్మినపుడు తిరిగి వచ్చునను నమ్మకమొకటి మనవారిలో బలముగా నున్నది. ఇంటి విలువ కట్టువారు నేలమట్టమునకు దిగువనున్న భాగమును, అది ఎంత చక్కగా తీర్చినదైనను, ముఖ్య నివాస వైశాల్యములో కలుపరు. 2022 ఏప్రిల్ నుండి గృహఋణములను కొను ఫానీ మే సంస్థ ఆ అప్పులకు సంబంధించిన మూల్యాంకనములలో ఈ కొలతపద్ధతిని తప్పనిసరి చేసినది. బేస్‌మెంటునకు విలువ లేదని కాదు. వేరుగా, తక్కువగా కట్టుదురు. బీమా సంగతి ఇంకను కఠినము. 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకము బేస్‌మెంటులోని హీటరుకు, నీటి బాయిలరుకు, విద్యుత్ పెట్టెకు పరిహారమిచ్చును గాని, అచటి నేలపరపులకు ఇయ్యదు. సామాన్య గృహబీమా వరదనీటిని అసలే లెక్కలోనికి తీసికొనదు. మురుగుకాలువ వెనుదన్ని వచ్చినను, అందుకై ప్రత్యేకముగా రుసుము చెల్లించియుండనిచో చేయి చాచి ప్రయోజనము లేదు.

అయినచో అచట ఏమి వేయవలెను? తెలుగువారిని ఎవరైనను ఈ ప్రశ్న అడుగవలసినదేనా అని నాకు తోచుచుండును. తాండూరు నాపరాయి, కడప బండ, బేతంచెర్ల రాయి తరతరములుగా పరచుకొని, దినదినము నీళ్లు చల్లి కడిగి, ఉత్తపాదములతో నడచినవారము మనము. తడిసినను చెడని నేల మనకు తెలిసినంతగా ఎందరికి తెలియును? బేస్‌మెంటునకు తగినది ఆ జాతి నేలయే: పింగాణీ పలక గాని, సహజశిల గాని. చలికి ఓర్వలేమన్నచో అడుగున వేడితీగెలు పరచుటకు వీలున్నది. అవి రాతిక్రింద పనిచేసినంత చక్కగా కొయ్యక్రింద పనిచేయవు. ఖర్చు అంతకు ఒప్పనివారు కాంక్రీటునే నునుపుచేసి, రంగువేసి, దానిపై ఓరుగల్లు జంపఖానాలు పరచుకొనవచ్చును. తేమ తగిలినచో ఎత్తి ఎండలో ఆరవేయవచ్చును. ఓక్ పలకను ఎండలో ఆరవేయు ఉపాయము లేదు. బిడ్డ పుట్టినరోజునకు పిల్లలు రంగునీళ్లు ఒలుకబోసినను, సత్యనారాయణ వ్రతమునాడు కలశము దొరలినను రాతినేల ఇంటివారి ప్రాణము తీయదు.

పని వరుస తలక్రిందులైనందువలననే ఇన్ని నష్టములు వచ్చుచున్నవి. ఇల్లు కొన్నవెంటనే బేస్‌మెంటును ముట్టరాదు. ఒక నిండు సంవత్సరము, మంచు కరుగు మార్చియు, ఉక్కపోయు ఆగస్టును చూచువరకు, దానిని ఉన్నది ఉన్నట్లు విడిచి, మూలనొక తేమకొలత పెట్టెనుంచి గమనింపవలెను. ఆ లోపల బయటి పనులు చేసికొనవచ్చును: ఇంటిచుట్టు మన్ను పదడుగుల దూరమున ఆరంగుళములు పల్లమగునట్లు సర్దుట, చూరునీటి గొట్టములను గోడకు దూరముగా పొడిగించుట. ఇవి చవుకైన పనులు, చూడ ముచ్చటగొలుపనివి. బేస్‌మెంటులలో చెమ్మ పెక్కుసారులు వీటితోనే సగము తగ్గును. పగుళ్ల గుండ మట్టినుండి లేచు రేడాన్ వాయువును కూడ ఆ సంవత్సరముననే కొలిపించవలెను. లీటరుకు 4 పికోక్యూరీలు దాటినచో గొట్టము వేసి బయటికి పంపవలెనని అచటి పర్యావరణ సంస్థ సూచించుచున్నది, నేల మూసిన పిమ్మట ఆ పని రెట్టింపు కష్టము. పాత ఇండ్లలో తొమ్మిదంగుళముల చదరపు పలకలు కనబడినచో వాటిని సుత్తితో కొట్టి ఊడదీయరాదు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండుట కద్దు, పరీక్ష చేయించిన పిమ్మటనే ముట్టవలెను. ఇవన్నియు ముగిసి, కిటికీ అమరి, పంపునకు బ్యాటరీ కుదిరిన పిమ్మట నేల మాట.

అప్పుడును కాంట్రాక్టరుతో ఒప్పందము వ్రాసికొనునపుడు రెండు కాగితములు అడుగవలెను. ఒకటి, కాంక్రీటు లోపలి తేమను ఏ తేదీన, ఎచటెచట, ఎంత లోతున కొలిచిరో, ఎంత వచ్చినదో తెలుపు చీటీ. రెండవది, తాము వేయబోవు పలకను నేలమట్టమునకు దిగువన వాడుటకు దాని తయారీదారు అంగీకరించుచున్నట్లు వ్రాసియున్న వారంటీ పత్రము. మంచి పనివాడు వీటికి నొచ్చుకొనడు. తేమకొలత సాధనము అతని బండిలోనే ఉండును. ‘అవన్నియు ఎందుకండీ, ఇరువదేండ్లుగా వేయుచున్నాము’ అన్నవానితో వాదము పెట్టుకొనక, వేరొకనిని పిలువవలెను. ఆ రెండు కాగితములును చేతికి రానిదే బయానా ఇయ్యవలదు.